లూకాకి ఏ సెంటర్ మేలు: ఎయిటనా, లోపెజా, కాపెలానా?

2025 ఏప్రిల్ 30న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ 47 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే పడినవి ఏడు. అంత ఘోరంగా వేసిన జట్టు ప్లేఆఫ్ మ్యాచ్ గెలవడం మామూలుగా జరిగే పని కాదు. కానీ లాస్ ఏంజెలెస్‌లో, లేకర్స్ సొంత కోర్టులోనే 103-96తో గెలిచి, సిరీస్‌ని 4-1తో ముగించారు. వాళ్ల సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) రూడీ గోబేర్ ఒక్కడే 27 పాయింట్లు, 24 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని పట్టుకోవడం). మనకది మేడే సెలవు పొద్దున కాబట్టి తీరిగ్గా కూర్చుని చూసినవాళ్లు చాలామందే ఉంటారు. షాట్ తప్పడం, బంతి గాల్లోకి లేవడం, అది మళ్లీ గోబేర్ చేతుల్లోనే పడటం. అడ్డుకోవడానికి లేకర్స్‌లో ఆ ఎత్తు మనిషే లేడు. ఉన్న సెంటర్ జాక్సన్ హేస్‌ని కోచ్ జేజే రెడిక్ సిరీస్ చివరికొచ్చేసరికి దాదాపు పక్కన పెట్టేశాడు.

ఈ లోటు తెలియక వచ్చింది కాదు. ఫిబ్రవరిలో బంతి నడిపే స్టార్ లూకా డాన్చిచ్ కోసం తమ పొడుగు ఆటగాడు ఆంథొనీ డేవిస్‌ని డాలస్‌కి ఇచ్చేసిన రోజే సెంటర్ స్థానం ఖాళీ అయింది. ఆ వారంలోనే షార్లెట్ నుంచి మార్క్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు, వైద్య పరీక్ష దగ్గర ఆగిపోయి ట్రేడ్ రద్దయింది. వేసవిలో అతన్ని ఫీనిక్స్ తీసుకెళ్లింది. ఇక లేకర్స్‌కి డబ్బు రూపంలో మిగిలింది మిడ్ లెవెల్ ఎక్సెప్షన్ (జీతాల పరిమితి దాటినా కొత్త ఆటగాళ్ల కోసం లీగ్ అనుమతించే మొత్తం), అంటే సుమారు 1.41 కోట్ల డాలర్లు. అందులో 60 లక్షలు జేక్ లరేవియాకి పోయాయి. మిగతా దాంట్లో దొరికే సెంటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. వాళ్లలో ముగ్గురి గురించి చర్చ పెట్టుకోవచ్చు: బ్రూక్ లోపెజ్, క్లింట్ కాపెలా, డియాండ్రే ఎయిటన్. జులై మొదటి వారానికే ముగ్గురి దారులూ తేలిపోయాయి. లోపెజ్ అదే ఊళ్లోని క్లిప్పర్స్‌కి, కాపెలా పాత జట్టు హ్యూస్టన్‌కి, ఎయిటన్ లేకర్స్‌కి. తర్వాత ఎవరెలా ఆడారన్నది వదిలేసి, ఆ రోజు తెలిసిన సంగతులతోనే తూకం వేద్దాం.

పేర్లకన్నా ముందు లూకా ఆట చూడాలి. సెంటర్ డిఫెండర్‌కి అడ్డుగా నిలబడి పెట్టిన స్క్రీన్ దాటి లోపలికి వస్తాడు, తరుముకొస్తున్న డిఫెండర్‌ని వీపు మీద పెట్టుకుని ఉన్నట్టుండి వేగం తగ్గిస్తాడు. ఎదురుగా నిలబడ్డ ప్రత్యర్థి సెంటర్‌కి అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ముందుకొస్తే తల మీదుగా లాబ్ (బుట్ట దగ్గరికి ఎత్తుగా విసిరే పాస్) వెళ్లిపోతుంది, వెనక్కి తగ్గితే లూకాయే ఫ్లోటర్ (బంతిని గాల్లో తేల్చి వేసే షాట్) వేసేస్తాడు. ఈ ఇరకాటం పుట్టాలంటే స్క్రీన్ పెట్టినవాడు ఆగకుండా రిమ్ (బుట్ట రింగు) దాకా పరిగెత్తాలి, పాస్ రాకపోయినా సరే. డాలస్‌లో 2022లో మాక్సీ క్లీబర్, డ్వైట్ పవెల్‌తో లూకా కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లాడు, అక్కడ గోల్డెన్ స్టేట్ చేతిలో 4-1తో ఓడాడు. 2024లో డెరెక్ లైవ్లీ, డేనియల్ గ్యాఫర్డ్ ఉన్నారు. ఇద్దరూ ఎగిరి లాబ్ అందుకునేవాళ్లే. ఆ ఏడాది జట్టు ఎన్‌బీఏ ఫైనల్స్‌కి వెళ్లింది. సెంటర్ ఒక్కడే కారణమని అనను కానీ, తేడా కళ్లకు కనిపించేదే.

ఆ కొలతతో చూస్తే కాపెలా పుట్టిందే ఇందుకు అనిపిస్తుంది. లూకాలాగే బంతి నడిపే జేమ్స్ హార్డెన్‌తో ఆడుతూ హ్యూస్టన్‌లో చేసిన పని అచ్చంగా ఇదే, 2017-18లో ఆ జట్టు 65 మ్యాచ్‌లు గెలిచింది. అట్లాంటాకి వెళ్లాక 2020-21లో మ్యాచ్‌కి 14.3 రీబౌండ్లతో లీగ్‌లోనే మొదటివాడు. అదంతా ఒకప్పటి మాట. 2025 వేసవికి 31 ఏళ్లొచ్చాయి, ఎగిరే ఎత్తు తగ్గింది, అట్లాంటాలో అతని చోటు కుర్రాళ్లు తీసుకుంటున్నారు. పైగా హ్యూస్టన్ మూడేళ్ల ఒప్పందం ఇచ్చింది. పదిహేను నిమిషాల బెంచ్ ఆటగాడిగా అయితే సరే. ప్లేఆఫ్స్‌లో ముప్పై నిమిషాలు నిలబడమంటే నేను నమ్మను.

లోపెజ్ సంగతి వేరు. మనసు అటే లాగుతుంది. 37 ఏళ్లు నిండబోతూ కూడా 2024-25లో 80 మ్యాచ్‌లు ఆడాడు, మ్యాచ్‌కి దాదాపు రెండు బ్లాకులు (ప్రత్యర్థి షాట్‌ని గాల్లోనే ఆపడం), త్రీలలో 37 శాతం. లూకా, సహచరుడు ఆస్టిన్ రీవ్స్ బయట డిఫెన్స్‌లో తరచూ దాటిపోనిస్తారు కాబట్టి వెనక రిమ్ దగ్గర కాపలా కాసేవాడు కావాలి, ఆ విద్యలో ముగ్గురిలో ఇతనికి సాటి లేరు. ఆర్క్ (త్రీ పాయింట్ల గీత) బయట నిలబడితే గోబేర్ కూడా లోపలి నుంచి బయటికి రాక తప్పదు. లేకర్స్ అభిమానులకు ఇంకో మంట కూడా ఉంది: 2017-18లో ఇతను వాళ్ల దగ్గరే ఆడాడు, వదిలేసుకుంటే మిల్వాకీ ఏడాదికి సుమారు 34 లక్షల డాలర్లకే ఎత్తుకుపోయింది, 2021లో కప్పు కొట్టింది. మరి అడ్డం ఏమిటి? లాబ్‌కి ఎగరడు. రీబౌండ్లు తను పట్టేదానికన్నా ప్రత్యర్థిని అడ్డగించి పక్కవాళ్లను పట్టనిస్తాడు. మిల్వాకీలో పట్టడానికి స్టార్ యానిస్ ఉన్నాడు. ఇక్కడ 40 ఏళ్ల లెబ్రాన్‌ని రోజూ గోబేర్‌తో కుస్తీ పట్టమంటే కుదరదు.

మిగిలింది ఎయిటన్. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఇతన్ని అనేవాళ్లు కోకొల్లలు, అందులో కొంత నిజమే. 2018 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వరసగా ఎంచుకునే కార్యక్రమం) ఫీనిక్స్ ఇతన్ని మొదట ఎంచుకుంది, లూకా మూడో స్థానంలో వెళ్లాడు. ఆ పోలిక ఇతన్ని ఇంకా వదల్లేదు. ఏడడుగుల మనిషి, కండ ఉంది, చేతులు మెత్తన. కానీ స్క్రీన్ పెట్టి రిమ్ వైపు దూకాల్సిన చోట ఫ్రీ త్రో లైన్ దగ్గర ఆగిపోయి జంపర్ (దూరం నుంచి ఎగిరి వేసే షాట్) వేస్తాడు. అది పడుతుంది కూడా, అదే అసలు చిక్కు! పడుతున్న షాట్ వద్దని ఎవరు చెబుతారు? ఇక దెబ్బ తగులుతుందనుకున్న చోటికి పోడు కాబట్టి ఫౌల్ రాబట్టడం బహు తక్కువ.

అయినా నా ఓటు ఇతనికే. మొదటి కారణం రీబౌండ్లు. లీగ్‌లోకి వచ్చిన ఏడు సీజన్లలో ఒక్కదానిలోనూ సగటు పదికి తగ్గలేదు. ఏప్రిల్‌లో లేకర్స్‌ని ముంచింది సరిగ్గా ఈ లెక్కే. రెండోది, ఫీనిక్స్‌లో బంతి నడిపే క్రిస్ పాల్ పక్కన ఆడినప్పుడు ఇతను వేరే మనిషి. 2021లో క్లిప్పర్స్ మీద 0.9 సెకన్లు ఉండగా జే క్రౌడర్ లైన్ బయటి నుంచి విసిరిన బంతిని రిమ్ మీదే అందుకుని డంక్ చేసి గెలిపించింది ఇతనే. ఆ ఏడాది జట్టు ఫైనల్స్ దాకా వెళ్లింది. పాల్ కోర్టులో నిలబెట్టి మరీ పని చేయించే రకం. లూకాకీ సెంటర్ ఎక్కడికి పోవాలో వేలు చూపించి చెప్పే అలవాటుంది. మూడోది వయసు, అప్పటికింకా 26.

ధర సంగతి చెప్పక్కర్లేదు. పోర్ట్‌లాండ్‌లో ఆ ఏడాదికి 3.5 కోట్ల డాలర్ల పైచిలుకు జీతం ఉన్నవాడు బయౌట్ తీసుకుని (జట్టుతో రాజీపడి ఒప్పందం ముగించుకుని) బయటికొస్తే, లేకర్స్‌కి ఏడాదికి సుమారు 81 లక్షలకే దొరికాడు. నాకు నచ్చనిది ఒక్కటే: రెండో ఏడాది ఉండాలా వద్దా అనే ఆప్షన్ ఆటగాడి చేతిలో ఉంది. బాగా ఆడితే పెద్ద జీతం వెతుక్కుంటూ పోతాడు, ఆడకపోతే అదే జీతానికి ఉండిపోతాడు. బేరం కుదుర్చుకునేటప్పుడు పట్టుబట్టాల్సింది అక్కడ. పోర్ట్‌లాండ్ వదిలించుకున్న మనిషి కోసం జులైలో ఎంతమంది పోటీపడ్డారు గనక?