ఎయిలరాన్ కోణాలు కొలిచే డిజిటల్ గేజ్: చిత్తూరులో ఐదు నెలల వాడకం

రేడియోతో నడిపే ఏరోబాటిక్ (గాల్లో విన్యాసాలు చేసే) మోడల్ విమానంలో ఎయిలరాన్, అంటే రెక్క వెనుక అంచున కదిలే పలక, పైకి ఎన్ని డిగ్రీలు లేస్తోందో, కిందికి ఎన్ని డిగ్రీలు దిగుతోందో చూపించే చిన్న డిజిటల్ గేజ్‌ను ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో 1,650 రూపాయలకు తెప్పించుకున్నాను. మొదట వచ్చిన దాని స్ప్రింగు విరిగి ఉండగా తొమ్మిది రోజుల్లో మార్చి ఇచ్చారు. ఈ పరికరం ఒక లోపాన్ని కచ్చితంగా పట్టించింది, మరొక లోపాన్ని కనబడకుండా చేసింది. కొనదలచినవారికి ఈ రెండూ తెలియాలి కనుక వివరంగా రాస్తున్నాను.

నా విమానం ఎక్స్‌ట్రా 300 ఆకృతిలో బాల్సా చెక్కతో చేసినది. రెక్కల నిడివి 1,250 మిల్లీమీటర్లు, ఒక్కో ఎయిలరాన్ వెడల్పు సుమారు 60 మిల్లీమీటర్లు. చిత్తూరుకూ పూతలపట్టుకూ నడుమ ఎండిన చెరువులో, ఆ చోటు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ పటంలో ముందస్తు అనుమతి అక్కరలేని ఆకుపచ్చ ప్రాంతంలోనే ఉందని చూసుకొని, గాలి లేవకముందే తెల్లవారుజామున ఎగరవేస్తాము. రిమోటు పట్టుకొన్న మా మేనల్లుడు రెండో రోజే లోపాన్ని గుర్తించాడు: "మామా, కుడికి బిరీన తిరగతా ఉండాది, ఎడమకి తిరగను మొరాయిస్తా ఉండాది." ఫోనులో సెకనుకు 60 ఫ్రేముల చొప్పున తీసిన వీడియోను లెక్కపెడితే, కుడివైపు మూడు రోల్స్‌కు (రోల్ అంటే ముక్కు నుంచి తోక దాకా ఉన్న ఇరుసు మీద పూర్తిగా ఒక చుట్టు తిరగడం) 156 ఫ్రేములు, ఎడమవైపు మూడింటికి 174 ఫ్రేములు పట్టాయి.

ఇలాంటప్పుడు చాలామంది మోటారు టార్క్‌ను (మెలితిప్పే బలాన్ని) తప్పుపడతారు. కానీ వెనుక నుంచి చూస్తే మా ప్రొపెల్లర్ గడియారపు ముళ్ల దిశలో తిరుగుతుంది. దాని ప్రతిచర్య విమానాన్ని ఎడమకు తిప్పాలే గాని కుడికి కాదు. రెక్క మెలితిరిగి ఉంటే సమంగా ఎగరడానికే ట్రిమ్ (రిమోటులో ఎయిలరాన్‌ను కొద్దిగా ఒకవైపు ఉంచే సర్దుబాటు) అవసరమయ్యేది. ఒక రెక్క బరువెక్కువైతే వేగం తగ్గినకొద్దీ విమానం అటు ఒరిగేది. ఈ రెండూ లేవు. ఎయిలరాన్ ముందరి సందులకు పారదర్శక టేపు అంటించి చూసినా తేడా పోలేదు. మిగిలింది ఎయిలరాన్లను కదిలించే అమరిక ఒక్కటే.

గేజ్ బిగించి కొలిస్తే ఎడమ ఎయిలరాన్ పైకి 23.5, కిందికి 23.6 డిగ్రీలు కదిలింది. కుడిది మాత్రం పైకి 25.6, కిందికి 20.3. కుడికి రోల్ చేయాలంటే కుడి ఎయిలరాన్ పైకి, ఎడమది కిందికి పోవాలి. ఆ రెండూ కలిపితే 49.2 డిగ్రీలు. ఎడమకు రోల్ చేసేటప్పుడు వచ్చే మొత్తం 43.8 మాత్రమే. ఈ రెండింటి నిష్పత్తి వీడియోలో లెక్కించిన ఫ్రేముల నిష్పత్తికి చాలా దగ్గరగా ఉండటం చూసిన తరువాతనే ఈ పరికరం మీద నాకు నమ్మకం కుదిరింది.

కారణాలు రెండు దొరికాయి. సర్వో అనే చిన్న మోటారు ఒక రాడ్డుతో ఎయిలరాన్‌ను తోస్తుంది; ఆ రాడ్డు తగిలే కొమ్మే కంట్రోల్ హార్న్. కుడి ఎయిలరాన్ కింద అంటించిన ఈ హార్న్ రంధ్రం కీలు గీతకు సరిగ్గా ఎదురుగా ఉండాలి, కానీ అది 3 మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. అలా ఉన్నప్పుడు ఎయిలరాన్ పైకి లేచేకొద్దీ రాడ్డుకు అందే చేయి (కీలు నుంచి రాడ్డు గీతకు ఉన్న దూరం) పొట్టిదవుతుంది, అందుచేత అదే తోపుకు కోణం ఎక్కువ వస్తుంది. కిందికి దిగేటప్పుడు తక్కువ వస్తుంది. రెండోది సర్వో ఆర్మ్, అంటే సర్వో ఇరుసుకు బిగించి రాడ్డును కదిలించే చిన్న చేయి. మా సర్వో ఇరుసుకు 25 పళ్లు ఉన్నాయి కనుక ఒక పన్ను తప్పితే 14 డిగ్రీల పైచిలుకు తేడా పడుతుంది. ఆర్మ్ ఒక పన్ను ముందుకు వాలి ఉండగా, దానిని సరిచేయకుండా రాడ్డు పొడవు పెంచి ఎయిలరాన్‌ను సున్నాకు తెచ్చాను. పైకి చూడటానికి అంతా సమంగానే కనిపించింది. రెండు దోషాలూ ఒకే దిక్కుకు కలిసి పనిచేశాయి. హార్న్ ఊడదీసి సరైన చోట అంటించి, ఆర్మ్‌ను రాడ్డుకు లంబంగా నిలిపి, రాడ్డును తిరిగి పొట్టిచేసిన తరువాత పైకి 23.4, కిందికి 23.7 డిగ్రీలు వచ్చాయి. మూడు రోల్స్‌కు కుడివైపు 167, ఎడమవైపు 165 ఫ్రేములు పట్టాయి. పూర్తి థ్రాటిల్‌లో ఎడమ రోల్ ఇప్పటికీ రవ్వంత వేగంగానే ఉంటుంది. అది నిజంగా టార్క్ వల్ల వచ్చేదే. దానిని ఎయిలరాన్ల కోణాలు మార్చి దిద్దకూడదని నా అభిప్రాయం.

ఇక గేజ్ దాచిపెట్టిన లోపం. రోల్ ఆపిన తరువాత విమానం ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కొద్దిగా ఒరిగి ఆగేది, కాని గేజ్ ప్రతిసారీ 0.0 చూపించేది. ఎడమ హార్న్ రంధ్రం అరిగి రాడ్డులో ప్లే (వదులు) వచ్చింది. 22 గ్రాముల గేజ్ ఎయిలరాన్ అంచున వేలాడుతూ తన బరువుతోనే ఆ ప్లేను ఒకవైపుకు లాగి ఉంచింది. సర్వోకు కరెంటు ఇచ్చి, గేజ్ తీసివేసి, అంచును వేళ్లతో కదిపితే ఒకటిన్నర మిల్లీమీటరు ఆడింది. గేజ్ బిగించేముందు చేత్తో ఈ పరీక్ష తప్పక చేయాలి. సర్వో మీద గాలి తోపు పడినప్పుడు ఎయిలరాన్ ఎంత వెనక్కి తగ్గుతుందో కూడా నేలమీది కొలత చెప్పలేదు.

లోపలి సెన్సారు గురుత్వాన్ని బట్టి వంపును లెక్కిస్తుంది కనుక సున్నా నొక్కిన తరువాత విమానం బల్లమీద కదిలితే కొలత తప్పుతుంది. నేను రెక్కల కింద ఇసుక సంచులు పెడతాను. ఎండలో పది నిమిషాలు ఉంచితే సున్నా 0.6 డిగ్రీల దాకా జరిగింది, అందుచేత మైదానంలో కంటే ఇంటి వరండాలో కొలవడమే మేలు. తెరమీద దశాంశం కనిపించినా, ఒకే కొలతను తిరిగి తీసుకుంటే 0.3 డిగ్రీల తేడా వస్తుంది.

గేజ్ లేనివారు నిరాశపడవలసిన పని లేదు. 60 మిల్లీమీటర్ల ఎయిలరాన్‌కు అంచువద్ద ఒక మిల్లీమీటరు కదలిక దాదాపు ఒక డిగ్రీకి సమానం కనుక స్కేలుతోనూ పని జరుగుతుంది, కానీ కన్ను పక్కకు జరిగితే రెండు మిల్లీమీటర్లు తేడా పడుతుంది. అసలు విమానాల్లోనూ, కేబుళ్లు ఉన్నచోట ముందు బిగువు కొలిచి టర్న్‌బకిల్స్ (కేబుల్ బిగువు మార్చే మరలు) సరిచేసి, ఆ తరువాతనే ప్రొట్రాక్టరుతో కోణాలను తయారీదారు ఇచ్చిన హద్దులతో పోల్చి చూస్తారు. 1,650 రూపాయలకు ఆ రెండో పనిని ఇంట్లోనే చేసుకోగలగడం నాకు సబబుగానే తోచింది. క్లిప్పు ప్లాస్టిక్ అంచులు రెక్క ఫిల్ము మీద గీతలు వేశాయి. లోపలివైపు సైకిల్ ట్యూబు ముక్కలు అంటించిన తరువాత అవి ఆగాయి.