ఎచ్చెర్లలో చదువు: హాస్టలా, గదా, ఇంటి నుంచి బస్సా?

మా పిన్ని కూతురికి శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో ఉన్న అంబేడ్కర్ యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చింది. వాళ్లది నరసన్నపేట దగ్గర పల్లె. ఫోన్ చేసి సీటు సంగతి చెప్పి, ఆ వెంటనే "అక్కా, హాస్టల్లో చేరనా, గది తీసుకోనా, ఇంటి నుంచే తిరగనా? ఏది చౌకో నిన్ను అడగమన్నాడు నాన్న" అంది.

నేను ముందు ఒకటే అడిగాను: మీ ఇంట్లో డబ్బు ఏ నెలలో చేతికొస్తుంది?

ఎందుకంటే శ్రీకాకుళంలో చదివేటప్పుడు నాకు ఇబ్బంది అక్కడే వచ్చింది. మాది వరి పండించే ఇల్లు. ధాన్యం అమ్మినప్పుడు కాస్త డబ్బు కనిపించేది, మళ్లీ అన్నయ్య చెన్నై నుంచి పంపితేనే. మొదటి ఏడాది హాస్టల్లో ఉన్నాను. మెస్ ఖర్చు నెలాఖరున తలకింత అని పంచేవారు. పెద్ద మొత్తమేం కాదు, కానీ ప్రతి నెలా కట్టాలి. ఇంట్లో తినడానికి బియ్యం ఉండేవి, నా మెస్ బిల్లుకి మాత్రం నాన్న చేబదులు తెచ్చేవాడు. స్కాలర్‌షిప్ డబ్బు పడేసరికి ఆ బదుళ్లు పేరుకుపోయేవి.

రెండో ఏడాది ముగ్గురం కలిసి గది తీసుకున్నాం. ముగ్గురికీ కలిపి రోజుకి కేజీ బియ్యం, అంటే 25 కేజీల మూట ఇరవై అయిదు రోజులు వచ్చేది. ఆవకాయ, కందిపొడి, చింతపండు కూడా ఇంటివే. చేతి డబ్బు అద్దెకీ, గ్యాస్‌కీ, కరెంటుకీ, కూరలకీ, నూనెకీ పోయేది. పంట ఉన్న ఇంటికి గది మేలనడం ఇందుకే. అయితే మాఘంలో మూడో అమ్మాయికి పెళ్లయి వెళ్లిపోయింది. అక్కణ్నుంచి ఆమె వాటా అద్దె కూడా మా ఇద్దరి మీదే పడింది. పరీక్షల నెలలో వండే ఓపిక లేక బయట తిన్నాం, ఆ నెల లెక్క పూర్తిగా తప్పింది. ఇప్పుడైతే పట్నంలో అన్న క్యాంటీన్ ఉంది, 5 రూపాయలకే భోజనం. గదిలో ఉండే పిల్లలు దాన్ని తప్పక లెక్కలో వేసుకోవాలి, అందులో నామోషీ పడాల్సిందేం లేదు.

ఇక బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టుకి డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు. నా రోజుల్లో ఇది ఉంటే గది ఊసే ఎత్తేదాన్ని కాదు. మా చెల్లి నరసన్నపేటలో ఎక్కి, శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో మారి ఎచ్చెర్ల చేరాలి. రానూపోనూ మూడు గంటలు పోతాయనుకోవాలి. ఆ అలసట తక్కువదని చెప్పను. ఆమెకి నిలబడ్డా చదువుకునే అలవాటుంది, ఇంటి తిండి ఉంటుంది. మగపిల్లలకి ఈ లెక్క వేరు, పాస్ డబ్బు కలుపుకోవాలి.

ఇచ్ఛాపురం, సీతంపేట వైపు నుంచి వచ్చేవాళ్లకి రోజూ తిరగడం కుదిరే పని కాదు. పైగా కొత్తచోట తోడు దొరికేదాకా గది నమ్మకం కాదు. వాళ్లు కళ్లు మూసుకుని హాస్టల్లో చేరడమే మంచిది. మెస్ బిల్లుకి మాత్రం రెండు నెలల డబ్బు ముందే విడిగా దాచుకోవాలి.

మా చెల్లికి మొదటి సెమిస్టర్ బస్సే అని చెప్పాను. టైమ్‌టేబుల్ రాగానే పంపుతానంది. వాళ్ల ఊరికి ఆఖరి బస్సు ఆరున్నరకి. ల్యాబ్ అయిదు దాటేట్టుంటే, తోడుకి ఆ ఊరి అమ్మాయి ఇంకొకరు దొరుకుతారేమో చూసి, గది సంగతి మళ్లీ మాట్లాడుకోవాలి.