చాప్లిన్ మ్యూచువల్ బ్లూరే: పాదాలు తెగని ప్రింటు

చాప్లిన్ అంటే గబగబా ఎగిరెగిరి నడిచే మనిషే గుర్తొస్తాడు. ఆ గబగబలో చాలావరకు ప్రింటుదే. చేత్తో తిప్పే కెమెరాతో తీసిన రీళ్లను తర్వాత సెకనుకు 24 ఫ్రేముల మీద ఆడించేసరికి నటన కాస్తా గంతులైపోయింది. పాత సినిమాల డిస్కులు తెచ్చే ఫ్లికర్ ఆలీ సంస్థ 2014లో తెచ్చిన ఈ బ్లూరే సెట్‌లో ఆ వేగం సరిచేశారు. కామెడీ కోసం కావాలని ఉంచిన చురుకు మాత్రం అలాగే ఉంది.

1916లో కుదిరిన ఒప్పందం కింద మ్యూచువల్ అనే అమెరికా సినిమా కంపెనీ చాప్లిన్‌కి వారానికి 10,000 డాలర్లు, పైన 1,50,000 బోనస్ ఇచ్చి తీయించుకున్న 12 చిన్న సినిమాలివి. లండన్‌లో పుట్టి, ఫ్రెడ్ కార్నో హాస్య నాటక బృందంలో పడటం, లేవడం నేర్చిన ఆ కుర్రాడికి ఒప్పందం నాటికి 26 ఏళ్లే.

ముందు 'ది పాన్‌షాప్' పెట్టండి. ఒకడు అలారం గడియారం తాకట్టుకు తెస్తాడు. చాప్లిన్ స్టెతస్కోపు పెట్టి దాని గుండె వింటాడు. డబ్బాలు కోసే ఓపెనర్‌తో మూత కోస్తాడు, వాసన చూస్తాడు, లోపలి స్ప్రింగంతా లాగేస్తాడు. చివరికి ముక్కలన్నీ వాడి టోపీలోనే పోసి, పనికిరాదన్నట్టు తలూపుతాడు. అరిగిన కాపీల్లో ఇదంతా మసక. ఇక్కడ వేళ్లు చేసే పని ఒక్కొక్కటీ తెలుస్తుంది. ఎదురుగా గడియారం తెచ్చినవాడిగా నటించిన ఆల్బర్ట్ ఆస్టిన్ కిమ్మనకుండా నిలబడటం కూడా అంతే ముఖ్యం, నవ్వు అక్కడే పుడుతుంది.

తర్వాత 'ఈజీ స్ట్రీట్'. రౌడీ వేషంలో కొండంత ఎరిక్ క్యాంప్‌బెల్ బలం చూపించడానికి వీధి దీపం స్తంభాన్ని వంచుతాడు, చాప్లిన్ అతని తలను ఆ దీపంలోకే దూర్చి గ్యాస్ వదులుతాడు. 'వన్ ఎ.ఎం.' దాదాపు ఒంటరి ప్రదర్శన. మడత మంచంతో కుస్తీ బాగుంటుంది కానీ కొత్తవాళ్లకు సాగదీసినట్టు అనిపించొచ్చు, చివర్లో చూడండి.

లోపాలూ ఉన్నాయి. మళ్లీ మళ్లీ విడుదలై నెగెటివ్‌లు అరిగిపోవడంతో, పాత సినిమాలను బాగుచేసే పారిస్ లాబ్‌స్టర్ ఫిల్మ్స్, ఇటలీలోని బొలోన్యా సినెటెకా వాళ్లు వేర్వేరు చోట్ల దొరికిన ప్రింట్ల నుంచి ముక్కలు ఏరి కూర్చారు. అందుకే అద్దంలా ఉన్న షాట్ పక్కనే గీతలు పడిన షాట్ వస్తుంది. డిస్కు పాడైందనుకోకండి.

కొనేముందు అట్ట వెనక రీజియన్ అక్షరం, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడుతుందో చెప్పే గుర్తు, చూడండి. బ్లూరేకి అమెరికా ఎ, ఇంగ్లండ్ బి, మన దేశం సి. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికను నున్నగా చేసే సెట్టింగ్) ఆపండి, బొమ్మను పాత సినిమాల 4:3 ఆకారంలోనే ఉంచండి. తెర నిండాలని జూమ్ చేస్తే పైన టోపీ, కింద బూట్లు తెగిపోతాయి.