ప్రపోజల్ రాసే ముందు శోధ్‌గంగోత్రి చూడండి

ఎం.ఎస్‌.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) రెండో ఏడాదిలో నా మొదటి పరిశోధన ప్రపోజల్ "ఆశా కార్యకర్తల సమస్యలు". గైడ్ మేడమ్ శీర్షిక చూసి పెన్ను కింద పెట్టేశారు. "ఏ ఊళ్లో? ఎంతమందిని అడుగుతావమ్మా?" నా దగ్గర జవాబు లేదు.

సీనియర్ అక్క శోధ్‌గంగోత్రి చూడమంది. గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ సైట్‌లో పీహెచ్‌డీ సినాప్సిస్‌లు (చేయబోయే పరిశోధన ప్రణాళిక సారాంశాలు) ఉచితంగా చదువుకోవచ్చు. పూర్తయిన థీసిస్‌లు శోధ్‌గంగలో ఉంటాయి కానీ, నాకు సినాప్సిస్‌లే ఎక్కువ పనికొచ్చాయి. ఏ లక్ష్యానికి ఏ ప్రశ్న, దానికి డేటా ఎవరి దగ్గర అన్నది కొన్ని పేజీల్లోనే తెలిసిపోతుంది. పన్నెండు చదివాక నా శీర్షిక కుదురుకుంది: రాత్రిపూట కాన్పు కేసుతో ఆసుపత్రికి వెళ్లే ఆశాల ఇబ్బందులు, రెండు మండలాలు, 60 మంది.

అవి పీహెచ్‌డీవి కదా, అన్ని లక్ష్యాలు పెట్టుకోకండి. పీజీకి మూడు చాలు.