ఆటోనగర్‌లో పెయింట్ కరెక్షన్: ఏ గీతలు పోయాయి, ఏవి మిగిలాయి

ముదురు రంగు కారు కొన్నవారికి ఏడాది రెండేళ్లు తిరిగేసరికి ఒక దిగులు పట్టుకుంటుంది. సెల్లార్‌లో ఉన్నంతసేపూ నిగనిగలాడే బానెట్, ఎండలోకి తీయగానే సాలెగూడు కప్పినట్లు కనిపిస్తుంది. స్విర్ల్ మార్కులు అని డిటెయిలింగ్ షాపులవారు, అంటే కార్లను లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టేవారు, పిలిచే ఈ సన్నగీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ పోయే గీతల్లో వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి, సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వలయాల్లా తోస్తాయి. విజయవాడలో వీటికి కారణం వెతుక్కోవలసిన పని లేదు. ఇసుక లారీల వెనకా, కట్టుబడి పనులు సాగే వీధుల్లోనూ తిరిగి వచ్చిన బండి మీది దుమ్మును, తెల్లవారేసరికి ఎవరో ఒకరు పొడిగుడ్డతో తుడిచేస్తారు. అపార్ట్‌మెంట్లలో నెలజీతానికి కార్లు తుడిచేవారు ఒకే బకెట్, ఒకే గుడ్డతో వరుసగా అన్ని బండ్లూ ముగిస్తారు కాబట్టి, పక్కవారి కారు మీది ఇసుక రేణువులు కూడా మన బానెట్ మీదికే వస్తాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా నల్ల హ్యాచ్‌బ్యాక్‌కు ఆటోనగర్‌లోని ఒక చిన్న డిటెయిలింగ్ షాపులో పెయింట్ కరెక్షన్, అంటే ఈ సన్నగీతలను మెషీన్‌తో తీయించే పని, చేయించాను. ఊళ్లో మామూలుగా రబ్బింగ్ పాలిష్ పేరుతో జరిగే పనికీ దీనికీ ఉన్న తేడా, మెషీన్ చేతికి తీసుకోకముందే తెలిసింది. ఫోమ్ వాష్ అయ్యాక ఇనుప రజను కరిగించే ద్రావకాన్ని చల్లితే, బ్రేకుల నుంచి ఎగిరి చక్రాల వెనక అతుక్కున్న రజను ఊదారంగులోకి మారి కారిపోయింది. ఆ తర్వాత క్లే బార్‌తో, అంటే అతుక్కున్న మురికిని లాగే మెత్తటి బంకముద్దతో, ఒళ్లంతా రుద్ది, అరచేతికి గరుకు తగలడం లేదని నిర్ధారించుకున్నాక, పెయింట్ మందం కొలిచే మీటర్‌ను ఒక్కో ప్యానెల్ మీదా ఆనించి చూశారు.

ఈ షాపును నేను మెచ్చుకోవడానికి అసలు కారణం ఆ మీటరే. ఫ్యాక్టరీలో వేసిన రంగు అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు ఉంటుంది; అందులో మనం పాలిష్ చేయగలిగిన పైపొర, అంటే క్లియర్ కోట్, 40, 50 మైక్రాన్లకు మించదు. స్విర్ల్ మార్కులు తీయడమంటే వాటిని పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీయడం. ఒక విడత కాంపౌండ్ అనే గరుకు పేస్టు, ఆపై పాలిష్ పడితే కొన్ని మైక్రాన్లు పోతాయి, పోయినవి తిరిగి రావు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది కూడా ఆ పొరే కాబట్టి, ఎంత మిగిలిందో కొలవకుండా ఏటా రబ్బింగ్ చేయించేవారు మెరుపు కోసం రంగు ఆయుష్షును ఖర్చుపెడుతున్నట్లే. నా బానెట్ మీద 110 దరిదాపుల్లో చూపిన మీటర్, ఎడమవైపు వెనక తలుపు మీద 260 దాటింది. "ఈ డోరు మళ్లీ పెయింట్ ఏసిందండీ, మీకు చెప్పి అమ్మారా?" అని మేస్త్రీ అడిగాడు. చెప్పలేదు. పాలిష్‌కు వెళ్లి బండి పూర్వచరిత్ర తెలుసుకురావడం నాకు అదనంగా దక్కిన ప్రయోజనం.

తర్వాత బానెట్ మధ్యగా టేపు అంటించి, ఒకవైపు మాత్రమే డ్యూయల్ యాక్షన్ మెషీన్‌తో పని చేసి చూపించారు. తిరుగుతూనే పక్కలకు ఊగే ఈ మెషీన్, ఒకే కేంద్రం మీద తిరిగే రోటరీ కంటే నెమ్మదిగా పని చేస్తుంది గానీ, ఒకేచోట వేడి పుట్టించి రంగును కాల్చే ప్రమాదం దీనితో తక్కువ. రోటరీని హడావుడిగా తిప్పిన బండ్ల మీద ఎండలో కదిలే మసకచారలు మీరు చూసే ఉంటారు. అవి మెషీన్ మిగిల్చిన కొత్త గీతలే. పని చేసిన సగాన్ని స్పిరిట్‌తో తుడిచి, లైటు దగ్గరగా పట్టి చూపించడం నాకు నచ్చింది. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి తాత్కాలికంగా దాచేసి ఉంటే, ఆ తుడుపుతో బయటపడిపోతాయి. నా బానెట్ మీద ఏవీ తిరిగి తేలలేదు. టేపుకు ఇవతల బల్బు నీడ నిలకడగా, అవతల బూజు పట్టినట్లు కనిపించింది.

అన్ని గీతలూ పోలేదు. డ్రైవర్ వైపు తలుపు మీద తాళంచెవితో ఎవరో గీసిన పొడవాటి గీత మీద మేస్త్రీ గోరు అడ్డంగా పోనిచ్చాడు, గోరు గీతలో తట్టుకుని ఆగింది. "గోరు ఆగిందంటే ఇంక మెషీన్ పని కాదు సార్, క్లియర్ అరిగిపోద్ది గానీ గీత పోదు" అని అక్కడితో ఆపేశాడు. కారు మీది స్టిక్కర్‌లో ఉన్న కలర్ కోడ్ చూసి టచప్ చేయించుకోవడమే దానికి మార్గమని చెప్పాడు. డబ్బు తీసుకుని ఇంకో రెండు విడతలు రుద్ది పంపే అవకాశం ఉండి కూడా వద్దనడం ఈ వ్యాపారంలో తరచుగా కనిపించే గుణం కాదు.

లోపాలూ ఉన్నాయి. రబ్బరు బీడింగులకు టేపు సరిగా వేయకపోవడంతో, కిటికీల అంచుల్లోనూ డిక్కీ సందుల్లోనూ కాంపౌండ్ తెల్లగా ఎండిపోయింది. దాన్ని ఇంటికొచ్చాక పాత టూత్‌బ్రష్‌తో నేనే తీసుకోవలసి వచ్చింది. సాయంత్రానికి ఇస్తామన్న బండి మర్నాడు మధ్యాహ్నానికి గానీ చేతికి రాలేదు. రేకుల షెడ్డు కావడంతో ఎండవేళ ప్యానెల్ వేడెక్కి కాంపౌండ్ క్షణాల్లో ఎండిపోతుందట, అందుకని మిట్టమధ్యాహ్నం మెషీన్ ఆపేస్తారు. కారణం న్యాయమైనదే, కాకపోతే ఆ మాట బండి తీసుకునేటప్పుడే చెప్పవచ్చు.

పని ముగిశాక సిరామిక్ కోటింగ్ వేయించుకోమని గట్టిగానే అడిగారు, నేను వద్దన్నాను. ఆ కోటింగ్ నీటిని నిలవనీయదు, మురికిని తేలిగ్గా వదిలిస్తుంది, అంతవరకు నిజం. ప్రకటనల్లో ఊరించే 9హెచ్ అనేది పెన్సిల్ ములుకుతో గీసి చూసే కాఠిన్య పరీక్షలోని అంకె, దాన్ని చూసి ఇక గీతలే పడవనుకోకూడదు. పొడిగుడ్డ తుడుపు మానకపోతే కోటింగ్ మీదా స్విర్ల్ మార్కులు పడతాయి. రంగు మీద రక్షణగా పూసే సాదా సీలెంట్‌తో కలిపి నాకు 8,000 రూపాయలు, ఆపై జీఎస్టీ అయింది. మామూలు రబ్బింగ్‌తో పోలిస్తే ఇది చాలా ఎక్కువే. తెల్లకారు ఉన్నవారికి, స్విర్ల్ మార్కులు కంటికి పెద్దగా ఆనవు కాబట్టి, ఇంత పెట్టమని నేను చెప్పను. ముదురు రంగు కారున్నవారు వెళ్లదలిస్తే, పనికి ముందూ తర్వాతా మీటర్ చూపిన అంకెలను ప్యానెల్ వారీగా బిల్లు వెనక రాసిమ్మని అడగండి. నాకు అడగ్గానే రాసిచ్చారు.