ఎనిమిదేళ్ల క్రోషా అల్లిక: ఇచ్చిన కానుకలు మళ్లీ కనిపించినప్పుడు

మాఘమాసంలో పాతపట్నంలో ఒక పెళ్లికి వెళ్లాను. ఆ ఇంటి గుమ్మానికి కట్టిన తోరణం చూసి అక్కడే ఆగిపోయాను. అది నేను క్రోషాతో, అంటే కొక్కెం ఉన్న సూదితో దారాన్ని అల్లి, చేసిందే. ఐదేళ్ల కిందట వాళ్ల గృహప్రవేశానికి ఇచ్చాను. బంతిపూలు ఇచ్చిన రోజున ఎలా ఉన్నాయో ఇంచుమించు అలాగే ఉన్నాయి. ఆకులు మాత్రం పచ్చదనం పోయి ఎండిన గడ్డి రంగుకు తిరిగాయి. ఆ పూలకు వాడింది చవకైన అక్రిలిక్ ఊలు. ఆకులకు మాత్రం మంచిదని ఏరికోరి ఎక్కువ డబ్బు పెట్టి నూలు దారం కొన్నాను. వాళ్లది పడమటి గుమ్మం, మధ్యాహ్నం నుంచి ఎండంతా దాని మీదే పడుతుంది. నూలు రంగు ఎండకు త్వరగా వెలుస్తుందని, అక్రిలిక్ రంగు చాలాకాలం నిలుస్తుందని నాకు ఆ తోరణమే చూపించింది.

కొత్తగా కొన్నప్పుడు ఏ దారమైనా బాగానే ఉంటుంది, ఏ సూదైనా బాగానే నడుస్తుంది. కానుకగా ఇచ్చిన వస్తువు నాలుగేళ్ల తర్వాత వాళ్లింట్లో ఎలా ఉందో చూసినప్పుడే మనం వాడిన సరుకు సంగతి తెలుస్తుంది. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. చుట్టాలు రెండు వైపులా ఉన్నారు. అందుకని నేను అల్లినవి తరచు నా కళ్లబడుతూనే ఉంటాయి. ఈ సమీక్ష వాటిని చూసి రాస్తున్నది.

2017 వేసవిలో మొదలుపెట్టాను. మా మేనత్త నరసాపురం వైపు కోడలు. అక్కడ ఇంటింటా ఆడవాళ్లు సన్నటి నూలు దారంతో లేసు అల్లుతారు. ఆ నరసాపురం లేసుకే 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అత్త తన స్టీలు సూది ఒకటి, తెల్ల దారం ఉండ ఒకటి నా చేతిలో పెట్టి, చైను అనే గొలుసుకుట్టు, సింగిల్ అనే పొట్టి కుట్టు, డబుల్ అనే పొడుగు కుట్టు నేర్పించి వెళ్లింది. లేసు సూది ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. కొత్తవాళ్లు దానితో మొదలుపెడితే కళ్లు లాగేస్తాయి, కుట్టు ఎక్కడుందో కనపడదు. నేర్చుకునేవాళ్లకు నేను 4 మిల్లీమీటర్ల సూది, లేత రంగు ఊలు ఇస్తాను. నల్ల దారంతో నేర్చుకోవద్దు.

సూదుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మొదట కొన్నది రంగురంగుల అల్యూమినియం సెట్టు, పన్నెండు సూదులు. ఏడాదికల్లా కొక్కెం దగ్గర రంగు లేచిపోయి, ఆ గరుకుకి దారం తగులుకోవడం మొదలైంది. తెల్ల దారం మీద బూడిద మరక కూడా పడేది. పన్నెండులో నేను నిజంగా వాడింది నాలుగే: 2.5, 3, 3.5, 4. అందుకే సెట్టు కొనకండి, ఈ నాలుగూ విడివిడిగా మంచివి కొనుక్కోండి. స్టీలు సూదులు మా వైపు వానాకాలం తుప్పు పడతాయి. పని అయ్యాక తుడిచి, ఒక చుక్క కుట్టుమిషను నూనె రాసిన గుడ్డలో చుట్టిపెడితే ఏ ఇబ్బందీ ఉండదు.

మూడో ఏట కుడి బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చింది. పొద్దున లేచేసరికి వేలు బిగుసుకుపోయి ఉండేది. డాక్టరు కొన్ని వారాలు పని ఆపమన్నారు. ఆపాక, రబ్బరు పిడి ఉన్న జపాను సూది ఒకటి తెప్పించుకున్నాను, క్లోవర్ వాళ్ల అమూర్. దాని ఒక్క సూది ఖరీదుకి నా పాత సెట్టు మొత్తం వచ్చేది, అయినా ఆ ఖర్చు గురించి ఒక్కసారి కూడా బాధపడలేదు. పిడి లావుగా, మెత్తగా ఉండడంతో వేలితో గట్టిగా నొక్కిపట్టే పని ఉండదు. ఐదేళ్లు దాటినా పిడి ఊడలేదు, కొక్కెం నున్నగానే ఉంది. నొప్పి మళ్లీ అంతగా రాలేదు. సూదితో పాటు అలవాటు కూడా మార్చుకున్నాననుకోండి. అరగంటకోసారి పని పక్కన పెట్టి లేచి తిరుగుతాను, వేళ్లు చాపి ముడుస్తాను.

ఇప్పుడు మా ఊరి సూది సంగతి. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు. గేదె, ఎద్దు కొమ్ములతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. కొమ్మును వేడి చేస్తే మెత్తబడుతుంది, అప్పుడు వంచి, కోసి, అరగదీసి మెరుగు పెడతారు. ఆ పని చేసే పెద్దాయన ఒకరిని నాకో క్రోషా సూది చేసిపెట్టమని అడిగాను. ఆయన ఎప్పుడూ చేసిన వస్తువు కాదు. నా అల్యూమినియం సూదిని అటూ ఇటూ తిప్పి చూసి, పది రోజులు పట్టుకుని ఉంచుకున్నారు. మొదట చేసినదానికి కొక్కెం గాడి లోతు చాలలేదు, దారం జారిపోయేది. ఆయన ముందే కూర్చుని రెండు వరసలు అల్లి చూపించాను. ఎక్కడ జారుతోందో చూసి, సన్నటి ఆకురాయితో గాడి లోతు చేసి, పెదవి అంచు గుండ్రం చేశారు. చివర ఆకుతో రుద్ది నా చీర కొంగుకి రాసి చూపించారు, ఒక్క పోగు లేవలేదు. ఆ సూది ఆరేళ్లుగా నా దగ్గరుంది. చేతిలోకి తీసుకున్న క్షణంలో వెచ్చబడుతుంది, లోహంలా చల్లగా తగలదు. నల్లటి కొమ్ములో మధ్యన తేనె రంగు గీత ఒకటి ఉంది, అల్లుతున్నంతసేపూ కళ్లకు కనబడుతూ ఉంటుంది. లోటు కూడా చెప్పాలి. కొలత కచ్చితంగా ఉండదు, నాది 4కీ 4.5కీ మధ్యన ఉంది. అందుకని కొలత ముఖ్యమైన పనికి, అంటే జతగా ఉండాల్సినవాటికి, అది వాడను. నీళ్లలో నానకూడదు, ఎండలో వదలకూడదు. నెలకోసారి కొబ్బరినూనె చుక్క రాస్తాను, లేకపోతే పొరలు లేస్తాయి.

దారాల్లో నా తీర్పు ఇది: ఎండలో వేలాడేదానికి అక్రిలిక్, చేతిలో నలిగేదానికి నూలు. పసిపిల్లల టోపీ, బొమ్మ, గిన్నెలు దించే మసిగుడ్డ నూలుతోనే చేయాలి. అక్రిలిక్ మసిగుడ్డ వేడి గిన్నెకి కరుగుతుంది, చేయి కాలుతుంది. అక్రిలిక్ మీద ఇస్త్రీపెట్టె కూడా పెట్టకూడదు. ఒక్కసారి తగిలినా అల్లిక చచ్చుపడి చదునైపోతుంది, మళ్లీ లేవదు. ఇప్పుడు అందరూ వాడే మిల్క్ కాటన్ నూలు, అక్రిలిక్ కలిసిన దారం. బొమ్మలకు చాలా బాగుంటుంది, కుట్టు స్పష్టంగా కనిపిస్తుంది. రెండేళ్లు పిల్లల చేతుల్లో నలిగితే పైన సన్నగా నూగు లేస్తుంది, అంతే.

కొనేటప్పుడు చీటీ మీద రంగు నంబరు ఒక్కటే చూస్తే చాలదు, లాట్ నంబరు, అంటే ఒకేసారి రంగు వేసిన దారమని చెప్పే నంబరు, కూడా చూడాలి. 2020లో మా ఆడపడుచు సీమంతానికి పసిబిడ్డ దుప్పటి మొదలుపెట్టాను. అంతలో లాక్‌డౌన్ వచ్చి సరిహద్దు మూసేశారు. పాతపట్నం కొట్టు కళ్లెదుటే ఉన్నా వెళ్లలేని పరిస్థితి. దారి తెరిచాక అదే నంబరు దారం రెండు ఉండలు తెచ్చి పూర్తి చేశాను. రాత్రి లైటులో తేడా తెలియలేదు. పొద్దున వాకిట్లో పరిస్తే చివరి జానెడు మేర పట్టీ వేరే రంగులో కనిపించింది. విప్పేశాను. పాత ఉండతో ఒక వరస, కొత్త ఉండతో ఒక వరస మార్చి మార్చి అల్లితే తేడా కలిసిపోయింది. ఇప్పుడు పెద్ద పనికి ఒక ఉండ ఎక్కువే తెచ్చుకుంటాను.

బొమ్మల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని జగన్నాథుడు, బలభద్రుడు, సుభద్ర. రథయాత్రకు రెండు నెలల ముందు నుంచే అడుగుతారు. మ్యాజిక్ రింగులో, అంటే కొస లాగితే బిగుసుకునే దారం ఉచ్చులో, ఆరు సింగిల్ కుట్లు, తర్వాతి చుట్టుకు పన్నెండు, తర్వాత పద్దెనిమిది, ఇలా చుట్టుకి ఆరు చొప్పున పెంచితే బిళ్ల చదునుగా వస్తుంది. ఆరు కన్నా ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు పడుతుంది, తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది. జగన్నాథుడి కళ్లు ఇలాగే అల్లుతాను. నా మొదటి సెట్టులో ముగ్గురికీ అవే గుండ్రటి కళ్లు పెట్టాను. పక్కింటి ఒడియా మావుసీ చేతిలోకి తీసుకుని, తెలుగులోనే అంది: “గుండ్రం కళ్లు జగన్నాథుడికే అమ్మా. అన్నకీ చెల్లికీ కోలగా ఉంటాయి, నువ్వు గుడికి వెళ్లి మళ్లీ చూసి రా.” వెళ్లి చూశాను. ఆమె చెప్పింది నిజం. కోల కళ్లకు రింగుతో కుదరదు. నాలుగు చైన్లు వేసి, దాని రెండు వైపులా చుట్టూ అల్లుకుంటూ రావాలి, కొసల్లో మాత్రమే కుట్లు పెంచాలి. ఆ నాలుగు కళ్లూ ఊడదీసి కొత్తవి కుట్టి ఆమెకే ఇచ్చాను. ఇప్పటికీ ఆమె పూజగదిలో ఉన్నాయి.

అదే సెట్టు ఇంకొకటి ఒకరు ఉతికితే నలుపు దిగి తెల్లటి బలభద్రుడు బూడిద రంగయ్యాడు. వాళ్లు నన్నేమీ అనలేదు, నాకే రెండు రోజులు అన్నం సహించలేదు. అప్పటి నుంచి నలుపు, ఎరుపు, ముదురు నీలం దారాలను ముందు చూసుకుంటాను. మూరెడు దారం తడిపి తెల్లగుడ్డలో నలిపితే రంగు అంటుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. అంటే ఆ దారం తెలుపు పక్కన పెట్టను.

బొమ్మ లోపల నింపడానికి మొదట్లో పాత దిండు దూది వాడాను. ఒక్క ఉతుకుకే గడ్డలు కట్టింది, మా తేమకి ముక్క వాసన వచ్చింది. పాలిస్టరు ఫైబరు అయితే ఉతికినా పొంగి ఉంటుంది, త్వరగా ఆరుతుంది. కుట్ల మధ్య నుంచి తెల్లగా బయటికి కనిపించకుండా ఉండాలంటే చీటీ మీద చెప్పిన సూది కన్నా చిన్నది వాడాలి. 3.5 అని ఉంటే నేను 2.5తో అల్లుతాను. ప్లాస్టిక్ కళ్లు మూడేళ్లలోపు పిల్లలకిచ్చే బొమ్మకు పెట్టను. వెనక బిళ్ల ఎంత బిగించినా, పిల్లలు అల్లికనే కొరికి సాగదీస్తారు, కన్ను ఊడితే నోట్లోకే వెళుతుంది. దారంతోనే కళ్లు కుడతాను.

ఇంకో మాట. యూట్యూబులో నేర్చుకునేవాళ్లు చెప్పేవాళ్లది ఏ పద్ధతో ముందు చూసుకోండి. బ్రిటిషువాళ్లు డబుల్ అనేదాన్ని అమెరికావాళ్లు సింగిల్ అంటారు. ఇది తెలియక నా మొదటి కుందేలు రెండింతల పొడుగు, నిండా కన్నాలతో వచ్చింది.

లేసు బిళ్లలకు గంజి పెట్టాలి. బియ్యం గంజి ఆరాక ముదురు రంగుల మీద తెల్లటి పొడిలా తేలుతుంది. సగ్గుబియ్యం గంజి పల్చగా కాచి వడకట్టి ముంచితే ఆ మరక రాదు. థర్మాకోలు షీటు మీద పరిచి, తుప్పు పట్టని పిన్నులతో ప్రతి రేకూ లాగి గుచ్చి, నీడలో ఆరబెట్టాలి. అల్లినప్పుడు ముడతలు పడ్డ బిళ్ల తెల్లారేసరికి ముగ్గు వేసినట్టు విచ్చుకుని ఉంటుంది. నాకు ఈ పనంతటిలో అన్నిటికన్నా సంతోషం ఇచ్చే పొద్దు అదే.

అమ్మకం గురించి అడుగుతారు కాబట్టి: ముగ్గురు దేవుళ్ల సెట్టుకు నాకు పన్నెండు గంటలు పడుతుంది. దారం ఖర్చు తక్కువే, పోయేదంతా సమయం. స్వెటర్లు అల్లే యంత్రాలున్నాయి కానీ బజారులో కనిపించే అసలు క్రోషా బొమ్మ ఎవరో ఒకరు చేత్తో అల్లిందే. అది వంద రూపాయలకు దొరుకుతోందంటే ఆ చేతులకు ఎంత ముట్టిందో ఆలోచించాలి. బేరం ఆడేవాళ్లకు నేను అమ్మను, కావలసినవాళ్లకు ఊరికే ఇస్తాను.

చివరిగా, ఎవరికి ఏది ఇచ్చినా అదే దారం రెండు మూడు గజాలు చీటీతో సహా దాచండి. నేను పేర్లు, తారీఖులు రాసి పాత బిస్కెట్ డబ్బాలో పెడతాను. మొన్న మా తోటికోడలి చెల్లెలు ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. “వదినా, ఇది లేకపోతే పడుకోదు, ఏదైనా చెయ్యి” అని సంచిలోంచి ఒక ఏనుగును తీసింది. ఆ పాప బారసాలకి నేనిచ్చిందే. ఎడమ చెవి సగం తెగి, ఆ కన్నంలోంచి దూది బయటికి వచ్చి ఉంది. డబ్బా తీస్తే ఆ నీలి దారం దొరికింది. తెగిన కుట్లు ఒక్కొక్కటే సూదికి ఎక్కించి, కన్నం చుట్టూ రెండు చుట్లు అల్లి మూశాను. పాప నా మోకాలి పక్కనే నిలబడి, సూది లోపలికి వెళ్లినప్పుడల్లా ఏనుగు కాలు పట్టుకుంది. చెవి దగ్గర కొత్త దారం కొంచెం ముదురుగా కనిపిస్తోంది. నాలుగైదుసార్లు ఉతికితే కలిసిపోతుందని చెప్పి పంపాను.