ఏడు రాళ్ళ కమ్మల కోసం గాంధీ రోడ్డులో ఒక వజ్రాల కౌంటరు

మా అమ్మాయి పెళ్ళికి ఏడు రాళ్ళ కమ్మలు తీసుకోవడానికి గత నెలలో తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక నగల దుకాణానికి మూడుసార్లు వెళ్ళాము. బంగారం కొనడం మా ఇంట్లో అందరికీ తెలిసిన పనే గాని, వజ్రం దగ్గరికి వచ్చేసరికి అమ్మేవారి మాటే ప్రమాణమైపోతుంది. అందువల్ల ఈ దుకాణం వారు రాయిని ఎలా చూపించారో, ఎక్కడ లోటు చేశారో వివరంగా రాస్తున్నాను.

షోకేసు దీపాల కింద చూసి నిర్ణయించుకోవద్దని కౌంటరులోని పెద్దాయన తానే చెప్పారు. తెల్లకాగితాన్ని నడిమికి మడిచి, ఇంకా పొదగని రాళ్ళను ఆ మడతలో బోర్లించి, గుమ్మం దగ్గర ఎండ పడని వెలుగులో చూపించారు. పైనుంచి చూస్తే మెరుపు రంగును కప్పేస్తుందని, బోర్లించి పక్కనుంచి చూసినప్పుడే పసుపు ఛాయ బయటపడుతుందని ఆయన వివరించారు. రంగు లెక్క డీ అక్షరంతో మొదలై జెడ్ వరకు పోతుంది. డీ అంటే ఏ ఛాయా లేనిది. ఐ-జే రాళ్ళు విడిగా చూసినప్పుడు మాకు తెల్లగానే కనిపించాయి. పక్కన డీకి దగ్గరివైన ఈ-ఎఫ్ రాళ్ళు పెట్టగానే ఆ ఐ-జే రాళ్ళు గంజిరంగుకు తిరిగాయి. పసుపు బంగారంలో పొదిగిన తరువాత ఈ తేడా పట్టుకోవడం కష్టం కనుక, కట్టించకముందే రాళ్ళు చూడనిచ్చే దుకాణానికే నేను విలువ ఇస్తాను.

ఏడు రాళ్ళ కమ్మకు ప్రాణం రాళ్ళ జత కుదరడంలోనే ఉంది. మేము ఎంచుకున్నవి ఒక్కొక్కటి 10 సెంట్లు (క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు). రెండు కమ్మలకు 14 రాళ్ళు, మొత్తం 1.40 క్యారెట్లు. మొదట పేర్చి చూపించిన పువ్వులో ఒక రేకు డల్లుగా ఉంది. తీసి చూస్తే దాని రంగులో, శుద్ధిలో, అంటే రాయిలో మచ్చలు లేకపోవడంలో, లోపం లేదు. కోత మాత్రం లోతు తక్కువై, రాయి నడుమ నుంచి కింది వేలి గీతలు కనిపించాయి. వెలుగు పైకి తిరిగి రాకుండా అడుగునుంచి జారిపోయే రాయి ఎంత తెల్లనిదైనా చచ్చినట్టే ఉంటుంది. అడిగిన వెంటనే, విసుక్కోకుండా, మరో పొట్లం విప్పి దాన్ని మార్చారు. ఆరు రేకులూ నడిమి రాయితో ఒక్కటిగా పలికేదాకా దాదాపు గంటసేపు ఓపిక పట్టారు.

శుద్ధి విషయంలో నాకు పాత గాయం ఉంది. చాలా ఏళ్ళ క్రితం వేరే చోట వీవీఎస్ (అతి సూక్ష్మమైన మచ్చలే ఉండే తరగతి) అని నమ్మి కొన్న ముక్కుపుడకను వెంట తీసుకెళ్ళాను. పది రెట్ల భూతద్దం నా చేతికే ఇచ్చి చూడమన్నారు. రాయి పై ముఖం కింద మిరియపు పొడి రేణువంత నల్లమచ్చ, నాలాంటి అలవాటు లేని కంటికే దొరికింది. వీవీఎస్ రాయిలో మచ్చ ఉంటే అదే భూతద్దంతో నిపుణులకు కూడా పట్టుకోవడం కష్టం. నాది ఎస్ఐ తరగతికి, అంటే భూతద్దంలో మచ్చలు తేలిగ్గా కనిపించే తరగతికి, మించదు. ఆ మచ్చ కన్నా, అన్నేళ్ళు దాన్ని చూడకుండా గర్వంగా పెట్టుకున్నందుకు ఎక్కువ బాధ కలిగింది. అయితే 10 సెంట్ల రాయిలో కంటికి కనిపించని మచ్చను తప్పించుకోవడానికి వీవీఎస్ ధర పెట్టడం కన్నా, ఆ రెంటికీ నడుమనున్న వీఎస్ తరగతి తీసుకుని మిగిలిన డబ్బును మంచి కోత మీద పెట్టడమే నాకు సబబుగా తోచింది, అలాగే చేశాము.

ఇక లోటుపాట్లు. అక్కడి కుర్రవాడు టెస్టర్ పెన్ను ఆనించి, దీపం వెలగగానే ఇది భూమిలో పుట్టిన వజ్రమేనని చెప్పాడు. అది తప్పు. వేడిని బట్టి పనిచేసే ఆ పెన్ను ల్యాబులో పెంచిన వజ్రాన్ని కూడా వజ్రమనే చూపిస్తుంది, ఎందుకంటే అదీ వజ్రమే. కొన్నిసార్లు వజ్రంలా కనిపించే వేరే రాయి మోయిసనైట్‌ను కూడా వజ్రమని దాటనిస్తుంది. సహజమైనదా, పెంచినదా అన్నది ల్యాబు పరికరాలే తేల్చాలి. పెద్దాయన కలుగజేసుకుని, కట్టిన తరువాత కమ్మలను ఐజీఐ అనే రత్నపరీక్ష ల్యాబుకు పంపి రిపోర్టు తెప్పించడానికి ఒప్పుకున్నారు, అది చేశారు కూడా.

మొదటి బిల్లులో ‘డైమండ్ 1.40’ అని మాత్రమే ఉంది. రంగు, శుద్ధి, సహజమన్న మాట ఏవీ లేవు. కమ్మల మీది ఆరు అక్షరాల హాల్‌మార్కు సంఖ్య బంగారం స్వచ్ఛతకే గాని రాయికి వర్తించదు కనుక, ఇవన్నీ బిల్లులోనే ఉండాలని పట్టుబట్టాను. తూకం కూడా సరిచూశాను: క్యారెట్ అంటే 0.2 గ్రాములు, కాబట్టి 1.40 క్యారెట్లకు 0.28 గ్రాములు బంగారం బరువులోంచి తీసివేయాలి. అది సరిగానే తీశారు.

కమ్మలు తిరిగి ఇస్తే ధరలో ఎంత తగ్గిస్తారో నోటితో చెప్పారు గాని, రెండుసార్లు అడిగినా రాసి ఇవ్వలేదు. ఆ ఒక్క కాగితం కూడా ఇస్తే మా చెల్లెలిని కూడా నిశ్చింతగా అక్కడికే పంపుతాను.